రెండున్నర చేతుల ఇల్లు

షెడ్డులో తొమ్మిదో రోజు

షెడ్డు గుమాస్తా ప్రతి కుటుంబానికీ ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. ఇంటి కోసం రోజూ ఎక్కడెక్కడ తిరిగామో అందులో రాయాలట. వారానికోసారి చూసి ముద్ర వేస్తాడట. ముద్ర కోసం ముందు పేజీల్లో "ఇల్లు వెతికితిమి, దొరకలేదు" అని రాసిపెట్టాను. అసలు సంగతులు వెనక పేజీల నుంచి రాస్తున్నాను. ఆయన అంతదూరం తిరగెయ్యడు. ముందు పేజీలే సరిగ్గా చదవడు.

నా పేరు వరహాలు. మాది రేవుపేట. ఇప్పుడు దాని మీద రెండు తాటిచెట్ల ఎత్తు నీళ్లున్నాయి. మా ఆయన సూరిబాబు, అత్త గవరమ్మ, తొమ్మిదేళ్ల కూతురు హంస, నేను. నలుగురం కొండ మీది ఎగువ కాలనీకి వచ్చి పడ్డాం. షెడ్డులో నలభై రోజులు ఉండనిస్తారు. ఆలోగా ఇల్లు సంపాదించుకోకపోతే కిందికి దించి బల్లకట్టు ఎక్కిస్తారు. బల్లకట్టు ఎక్కినవాళ్లు ఏమయ్యారని అడిగితే ఇక్కడ ఎవరూ చెప్పరు. టీ తాగమంటారు.

ఇవాళ బ్రోకరు దగ్గరికి వెళ్లాం. పేరు త్రినాథ్. మెడలో మఫ్లరు, నుదుట కుంకుమ, మాటకి ముందు ఒక నవ్వు. కుర్చీలు చూపించి, "మీ బడ్జెట్ ఎంతండీ?" అన్నాడు. సూరిబాబు పడవ ఇంజను అమ్మిన డబ్బు మూట విప్పబోయాడు.

"అది నా ఫీజుకండీ. ఇక్కడ బడ్జెట్ అంటే చేతులు. కర్ర పట్టుకుని నిలబడగలిగేవాళ్లు మీలో ఎంతమంది?"

మా ఆయన్ని చూశాడు, ఒకటి. నన్ను చూశాడు, రెండు. అత్త మోకాళ్ల వైపు చూసి కాసేపు ఆలోచించి "అర" అని రాసుకున్నాడు. రెండున్నర.

"నానేటి అరా?" అంది అత్త. "సచ్చినోడా, నీ వయసుకి నాను అలల్లో వల లాగినాను!"

త్రినాథ్ నవ్వి, రూళ్లు చెప్పాడు. కాలనీలో కొత్త ఇల్లు కట్టడానికి జాగా లేదు. రిజిస్ట్రీ ఆఫీసులు దస్తావేజులతో సహా మునిగిపోయాయి కాబట్టి, ఈ ఇళ్లు కట్టినవాళ్లు ప్రతి వంటగట్టులోనూ ఒక యంత్రం పెట్టారు. దాన్ని సాక్షి అంటారు. తలుపు మూసిన ఇంట్లో పాలు పొంగి గట్టు మీద పడితే, సాక్షి ఆ ఇంట్లో ఊపిరి తీస్తున్నవాళ్లను లెక్కపెట్టి ఇల్లు వాళ్ల పేరున రాసేస్తుంది. ఆ రాత ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఏడాది తిరిగిన రోజు ఉదయం ఏదో ఒక వేళ గుమ్మం మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఎప్పుడు వెలుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు అది వెలిగాకే గట్టు మీది పొయ్యి అంటుకుంటుంది. చల్లటి పాలు పొంగడానికి ఎనిమిది నిమిషాలు. పొంగే వేళకి తలుపు మూసుకుని లోపల ఎవరుంటే ఇల్లు వాళ్లది.

"కత్తి కూడదండీ, నిప్పు కూడదు. మిగతా వాటికి కాలనీకి అభ్యంతరం లేదు," అన్నాడు త్రినాథ్. తర్వాత ఫోనులో ఇళ్లు చూపించాడు. "ఇది చూడండి. తూర్పు ముఖం, మంచి గాలి, కుళాయి ఇంట్లోనే. కానీ ఆరుగురు మగాళ్లు. మీకు అందదు. ఇది మూడు గదులు, నాలుగు చేతులు, కుక్క. ఇదీ కష్టమే."

మా బడ్జెట్‌లో ఏమున్నాయని అడిగాను. రెండు చేతుల ఇళ్లు మూడే ఉన్నాయన్నాడు.

షెడ్డులో పద్నాలుగో రోజు

నేర్చుకుంటారని త్రినాథ్ మమ్మల్ని మూడో వరసలో ఒక పొంగు చూడటానికి తీసుకెళ్లాడు. చుట్టుపక్కలవాళ్లు మేడల మీద కుర్చీలు వేసుకున్నారు. ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతూ చూస్తోంది.

దీపం వెలగగానే నలుగురు అన్నదమ్ములు దుంగ పట్టుకుని తలుపు మీద పడ్డారు. మూడో దెబ్బకి గడియ ఊడింది. లోపల్నించి ఎవరో కుండెడు మరిగే గంజి విసిరారు. ముందున్నవాడి ముఖం ఒక్కసారిగా తెల్లగా అయి, తర్వాత ఎర్రబడి, చర్మం గడ్డం దగ్గర వేలాడింది. వాణ్ని తొక్కుకుంటూ మిగతా ముగ్గురూ లోపలికి దూరారు. కాసేపు చప్పుళ్లే వినిపించాయి. ఇంటాయన్ని కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చి మెట్ల మీద పడేశారు. దవడ పక్కకి పోయింది. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ అతని మీదికి తోసి, తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ లోపలికి లాక్కుని తలుపు మూశారు.

ఇంకాసేపటికి గోడలోంచి తియ్యటి ఆడగొంతు వినిపించింది. "శుభం. మీ ఇంటికి స్వాగతం. ఇంట్లో ప్రాణాలు, ఏడు."

అంతే, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఇల్లు మాట్లాడాక కొట్టకూడదు. అది రూలు కాదు, ఆచారం. రూళ్లను తప్పినవాళ్లున్నారు కానీ దీన్ని ఎవరూ తప్పలేదట.

ఇంకో ఆచారం కూడా ఉంది. గిన్నెలో మిగిలిన పాలతో పరమాన్నం వండి ఓడినవాళ్లకి మొదట పెట్టాలి. తింటే, ఇల్లు వదులుకున్నట్టు. దవడ విరిగినాయన నమల్లేకపోతే, గెలిచినవాళ్ల ఆడమనిషి వేలితో మెత్తగా చేసి నోట్లో పెట్టింది. చాలా ఓపిగ్గా పెట్టింది.

సాయంత్రానికి ఆ కుటుంబం షెడ్డుకి వచ్చింది. మా పక్క చాపే ఇచ్చారు. ఆయన మూలుగుతుంటే ఆవిడ నన్ను అడిగింది, "మీ బడ్జెట్ ఎంత?" అని.

షెడ్డులో పదిహేడో రోజు

రెండు చేతుల ఇళ్లు మూడింటిలో ఒకటి నిన్ననే పోయింది. రెండో దాంట్లో ఒక ముసలాయన, గర్భిణి కోడలు. త్రినాథ్ ఫోటో చూపించి, "ఇది మంచి బేరమండీ" అన్నాడు. సూరిబాబు ఫోను అతని చేతిలోకి తోసేశాడు. "ఆ ఇల్లు వొద్దు," అని ఒక్క మాటే అన్నాడు. మా ఆయనది అలాంటి మంచితనం. షెడ్డులో ఇంక ఇరవై మూడు రోజులే ఉన్నాయని గుర్తుచేస్తే నా వైపు చూడకుండా బీడీ వెలిగించాడు. నాకు ఒళ్లు మండింది. అయినా లోపల ఎక్కడో ఊరట కలిగింది.

మూడోది ఆరో వరసలో పన్నెండో ఇల్లు. అక్కాతమ్ముళ్లిద్దరే. సన్యాసమ్మకి నలభై అయిదు ఉంటాయి. తమ్ముడు అప్పలకొండ క్వారీలో రాళ్లు కొడతాడు. ముప్పై ఒకటో రోజున వాళ్ల ఏడాది తిరుగుతుంది.

ఇల్లు చూడ్డానికి హంసని వెంటబెట్టుకుని, దాహమని చెప్పి గుమ్మంలో నిలబడ్డాను. సన్యాసమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. దారిలో రాయి తగిలి హంస బొటనవేలు చిట్లింది. దానికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. నేను నీళ్లు తాగుతూ కిటికీ, గడియ, గట్టు, బియ్యం డ్రమ్ము, మూలనున్న గునపం అన్నీ చూసుకున్నాను.

గుడ్డ ముడి వేస్తూ ఆవిడ తలెత్తకుండానే అంది, "ఎన్ని సేతులు మీయి?"

చెంబు కింద పెట్టాను.

"నానూ ఈ గుమ్మం కాడే నిలబడి నీళ్లడిగినాను," అంది. "పిల్లగుంటని మాత్తరం తేలేదు. తాగినావు కదా, ఎల్లు."

షెడ్డులో ముప్పై రెండో రోజు అని రాయాలి, కానీ ఇప్పుడు మేం షెడ్డులో లేం

నిన్నటి సంగతి రాస్తున్నాను. ఏడుస్తూ రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

తొమ్మిదిన్నరకి దీపం వెలిగింది. సూరిబాబు చేతిలో పడవ తెడ్డు, నా చేతిలో రోకలి. అత్త కొంగుకింద అరలీటరు మేకపాల గిన్నె, మూతిమీద గుడ్డ కట్టి. నలుగురం లోపల ఉంటేనే నలుగురినీ లెక్కపెడుతుంది కాబట్టి హంస నడుముకి తాడు కట్టి కొస అత్తకిచ్చాను.

అప్పలకొండ లోపల దాక్కునే రకం కాదు. తనే తలుపు తీసుకుని గునపంతో మెట్ల మీదికి వచ్చాడు. సూరిబాబు తెడ్డు అడ్డం పెట్టి మొదటి దెబ్బ కాచుకున్నాడు. రెండోది భుజం మీద పడింది, ఎముక చిట్లిన చప్పుడు నాకు వినిపించింది. ఆ సందులో నేను లోపలికి దూరాను.

సన్యాసమ్మ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూడగానే అట్లపెనం విసిరింది. చెవి చిరిగింది. నేను రోకలి ఎత్తి కొట్టాను. తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మోచేతి కింద ఇంకో మోచెయ్యిలా వంగిపోయింది. ఆవిడ పాలగిన్నె మీద పడింది, వాళ్ల పాలన్నీ నేలపాలయ్యాయి. లేవబోయింది. నేను మళ్లీ కొట్టాను. ఆవిడ బియ్యం డ్రమ్ము వెనక పడిపోయి మళ్లీ కదల్లేదు. హంస కాలికి పసుపు రాసిన చెయ్యి అది. కొడుతున్నప్పుడు నాకది గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వస్తోంది.

అత్త, హంస లోపలికి వచ్చారు. సూరిబాబు తెడ్డుతో అప్పలకొండ గుండెల మీద పొడిచి మెట్ల కిందికి దొర్లించి, లోపలికి దూకి తలుపు మూసి గడియ పెట్టాడు. వీపు తలుపుకి ఆనించి కూర్చుని కాళ్లు నేలకి తన్నిపెట్టాడు. ఒక భుజం వేలాడుతోంది. నన్ను చూసి నవ్వాడు కూడా.

"వరాలూ, కుళాయి ఇంట్లోనే ఉందే," అన్నాడు.

అత్త పాలు పొయ్యి మీద పెట్టింది. బయట అప్పలకొండ గునపంతో తలుపు పొడవడం మొదలుపెట్టాడు. ఒక్కో పోటుకీ చెక్క నుంచి రజను రాలుతోంది. నేను కిటికీ దగ్గర కాపలా నిలబడ్డాను. సన్యాసమ్మని బయటికి లాగుదామంటే మళ్లీ తలుపు తియ్యాలి. పోనీలే అనుకున్నాను. చచ్చిందనే అనుకున్నాను.

"పొంగుతున్నాయే అమ్మా!" అంది హంస.

తిరిగి చూశాను. నురుగు గిన్నె అంచుదాకా వచ్చింది. ఇంక ఒక్క వేలెడు. అప్పుడు మా అత్త చెయ్యి పొయ్యి మీదికి వెళ్లి మంట తగ్గించింది. పైగా వంగి ఉఫ్ మని ఊదింది. నురుగు కిందికి దిగిపోయింది.

కావాలని చేసింది కాదు. అరవై ఏళ్లుగా ఆవిడ ఇంట్లో ఒక్క చుక్క పాలు పొయ్యిపాలు కాలేదు. రేవుపేటలో పాలపొడి కూడా దొరకని రోజుల్లో ఇంటిల్లిపాదికీ పంచిన చెయ్యి అది. మనసు చెప్పేలోగా చెయ్యి తన పని చేసేసింది. తర్వాత ఆవిడ ఆ చేతిని పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడిపోయింది. నేను వెళ్లి ఆవిణ్ని పక్కకి నెట్టి మంట పెంచాను. మళ్లీ పొంగడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆ రెండు నిమిషాల్లోనే గునపం చెక్కలోంచి లోపలికి వచ్చింది. సూరిబాబు వీపులో డొక్క కింద దిగింది. అతను అరవలేదు. తలుపు వదల్లేదు. గునపం వెనక్కి లాగినప్పుడు అతని ఒళ్లంతా దాంతోపాటు వెనక్కి వెళ్లింది, మళ్లీ పోటు పడింది. పళ్లు బిగించి నా వైపే చూస్తున్నాడు. పాలు పొంగి గట్టు మీద పడి, చుయ్‌మంటూ కారాయి.

"శుభం. మీ ఇంటికి స్వాగతం. ఇంట్లో ప్రాణాలు, నాలుగు."

బయట గునపం ఆగిపోయింది. నేను, హంస, అత్త, సూరిబాబు. నాలుగు. సరిపోయిందని సంతోషించాను. ఆ సంగతి కూడా రాయాలి, సంతోషించాను. అతని దగ్గరికెళ్లి గడ్డం పట్టుకుని "మావా, మనదే" అన్నాను. తల నా చేతిలోకి వాలిపోయింది.

అప్పుడు బియ్యం డ్రమ్ము వెనక నుంచి మూలుగు వినిపించింది.

పరమాన్నం నేనే వండాను. అప్పలకొండ మెట్ల మీద గునపం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గిన్నె అతని ముందు పెట్టాను.

"మా అప్పో?" అని వాళ్లక్క గురించి అడిగాడు.

"బతికే ఉంది. ఇల్లు దాన్ని లెక్కెట్టుకుంది. మా ఆయన్ని లెక్కెట్టలేదు."

గునపం కొస వైపు చూసుకున్నాడు. "నాను తలుపునే పొడిసినానమ్మా," అన్నాడు. చివరి మెతుకు తినేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత అతను షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

ఇంట్లో ఐదో రోజు

సూరిబాబుని క్వారీ గుంటలో దహనం చేశాం. తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని, సన్యాసమ్మని జుట్టు పట్టి బయటికి ఈడ్చడం. గడప దాటగానే గోడ మాట్లాడింది. "లెక్కలోని ప్రాణం మూడు రోజులు బయట ఉంటే ఇల్లు ఖాళీగా రాయబడును." అంత తియ్యగా చెప్పింది. ఆ గొంతు ఎవరిదో గానీ ఎదురుపడితే పళ్లు రాలగొడతాను. సన్యాసమ్మని తిట్టుకుంటూ మళ్లీ లోపలికి ఈడ్చుకొచ్చాను.

ఆవిడ చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టింది మా అత్త. నేను అడిగాను, సిగ్గు లేదా, నీ కొడుకుని చంపినవాడి అక్కకి కట్టు కడతావా అని.

"నా కొడుకుని ఆ గునపం సంపలేదే వరాలూ," అంది. ఆ రోజు నుంచి అత్త పొయ్యి దగ్గరికి రావడం లేదు. పాలగిన్నె చూస్తే చేతులు చంకలో పెట్టుకుంటుంది.

ఇంట్లో నూట తొంభయ్యో రోజు

సన్యాసమ్మ చెయ్యి వంకరగా అతుక్కుంది. నీళ్లు ఆవిడ పడుతుంది, పిండి నేను రుబ్బుతాను. మాట్లాడుకోం. ఉప్పు ఎక్కువైందని ఒకసారి అంది. గరిటె విసిరాను. తప్పుకుని మళ్లీ అన్నం కలుపుకుంది. హంస మాత్రం ఆవిడ పక్కన పడుకుంటోంది. మందలించాను. "ఆవిడ కదలదు, నువ్వు నిద్దట్లో కొడతావు," అంది నా కూతురు. నిద్రలో కొడుతున్నానని నాకు తెలియదు.

అప్పలకొండ ఇంకా షెడ్డులోనే ఉన్నాడట. రాళ్లు కొట్టేవాళ్లని బల్లకట్టు ఎక్కించరు. ఆదివారాలు వీధి చివరికి వచ్చి నిలబడతాడు. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడుతుంది. దగ్గరికి ఇద్దరూ రారు.

ఇంట్లో మూడు వందల నలభయ్యో రోజు

ఇవాళ ఒక పడుచు చంటిపిల్లని ఎత్తుకుని నీళ్లడిగింది. ఇచ్చాను. తాగుతూ కిటికీ వైపు చూసింది. నేను ఆమె చేతులు చూశాను. బలమైన చేతులే.

ఆమె అటు వెళ్లగానే త్రినాథ్ వచ్చాడు. చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు.

"ఏమీ అనుకోకండి. మీ ఇల్లు లిస్టులో పెట్టాను. రెండున్నర చేతులు, అందులో ఒకటి వంకర. ఇవాళ వచ్చినావిడ తరఫున ముగ్గురు మగాళ్లున్నారు. ఇంటి ఆనుపానులు తెలుసని అప్పలకొండని కూడా కలుపుకున్నారు. లోపల ఓ మూల ఇస్తామన్నార్ట. పాత కస్టమర్లు కదా, చెప్పి వెళ్దామని..."

ఇత్తడి మూత తీసి అతని ముక్కు మీద కొట్టాను. రక్తం మఫ్లరు మీద కారింది. మఫ్లరుతోనే తుడుచుకుని, "ఈ కోపం ఆ రోజుకి దాచుకోండి మేడం" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

అవతల నాలుగు చేతులు. ఇవతల నేను, మా అత్త, సన్యాసమ్మ. తలుపు దగ్గర ఎవరుండాలి, పొయ్యి దగ్గర ఎవరుండాలి అని ఆలోచిస్తుంటే సన్యాసమ్మే నోరు విప్పింది.

"తలుపు నాకియ్యకు. అవతల మా తమ్ముడుంటాడు. పొయ్యి ఇయ్యి."

న్యాయమే అనిపించింది. అత్త పొయ్యి ముట్టదు. ఇంకెవరున్నారు?

ఇంట్లో మూడు వందల అరవై ఐదో రోజు

కుడిచేతి రెండు వేళ్లు వాచాయి. మెల్లగా రాస్తున్నాను.

పదకొండు దాటాక దీపం వెలిగింది. హంసని బియ్యం డ్రమ్ము వెనక కూర్చోబెట్టాను. అత్త తలుపుకి వీపు పెట్టింది. సన్యాసమ్మ పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. అవతల దుంగ దెబ్బలు మొదలయ్యాయి. పోయినేడు పడిన చిల్లు చుట్టూ చెక్క పగులు తీసింది.

ఒకడు కిటికీ చువ్వ పీకి చెయ్యి లోపలికి పెట్టాడు. కిటికీ అంచు మీద ఆనించిన ఆ చేతిని రోకలితో కొట్టాను. వేళ్లు పగిలాయి. ఆ చెయ్యి పోయి ఇంకోడి తల వచ్చింది. నోటి మీద పొడిచాను. పళ్లు రెండు లోపలే పడ్డాయి. వెనక్కి పోతూ వాడు విసిరిన రాయి నా వేళ్లకి తగిలింది. నాకు నొప్పి తెలియలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఏడాదిగా ఎవర్ని కొట్టాలో తెలియక దాచుకున్నదంతా వాళ్ల మీద తీర్చుకున్నాను.

ఎనిమిది నిమిషాలు ఎప్పుడో అయి ఉండాలి. ఇల్లు మాట్లాడలేదు. వెనక్కి తిరిగి చూస్తే మంట సన్నగా, ఆరిపోతున్న వత్తంత ఉంది.

"పెంచు!" అని అరిచాను.

సన్యాసమ్మ కొంగుతో పాలగిన్నె ఎత్తి నేల మీదికి వంచి పట్టుకుంది. "దగ్గిరికి రాకు. ఒంపేత్తాను. ఇంట్లో ఇంకో సుక్క నేదు."

"ఏం కావాలే నీకు?"

"మా తమ్ముడు లోపలికి రావాల. మీ ఆయన లెక్క తప్పితే నన్ను లెక్కెట్టింది కదా ఇల్లు. దానికి నీవోళ్లు నావోళ్లు తెల్దు. ఆడూ లోపలుంటే ఆడినీ రాసుకుంటాది. ఆడొత్తేనే పెంచుతాను."

ఇన్నేళ్లుగా ఈ కాలనీలో ఇంతమంది చచ్చారు. అవతలివాళ్లని బయటికి తోసి తలుపు మూయడమే గానీ, లోపలే ఉంచుకుంటే ఇల్లు ఒప్పుకుంటుందని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఏడాదిగా నా ఇంట్లో అదే జరుగుతున్నా తట్టలేదు. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లముందు కనిపించింది గునపం ఒక్కటే. రోకలి సన్యాసమ్మ తల మీదికి ఎత్తాను. పాలు పోతే పోనీ, ఇల్లు పోతే పోనీ అనుకున్నాను. కొట్టేదాన్నే.

వెనక గడియ చప్పుడైంది. మా అత్త తలుపు వారగా తీసి, సందులో నోరు పెట్టి అరుస్తోంది.

"ఒరే అప్పలకొండా! నువ్వొక్కడివే రా!"

"తమ్ముడూ, రారా! లెక్కెడతాది!" అని సన్యాసమ్మ అరిచింది.

బయట దుంగ పట్టుకున్నవాళ్లలో చివరివాడు అతనే. దుంగ వదిలేసి, పక్కన ఆనించిన గునపం అందుకుని అడ్డంగా తిప్పి పక్కవాడి మోకాలి మీద కొట్టాడు. ఆ కాలు వెనక్కి విరిగింది. మిగిలిన ఇద్దరూ తేరుకునేలోగా లోపలికి దూరి అత్తతో కలిసి తలుపు తోశాడు. ఎవడిదో మణికట్టు సందులో ఇరుక్కుంది. అయినా తోశాడు. అరుపు వినిపించి చెయ్యి వెనక్కి పోయింది. గడియ పడింది.

సరిగ్గా సూరిబాబు కూర్చున్న చోట, ఆ చిల్లుకి వీపు ఆనించి నిలబడ్డాడు. గునపం నేల మీద పెట్టి కాలితో నా వైపు తోశాడు. నా చేతిలో రోకలి ఇంకా పైనే ఉంది.

"కొట్టాలంటే ఇప్పుడే కొట్టమ్మా," అన్నాడు. "ఇల్లు మాటాడినాక కూడదు."

బయట దుంగ మళ్లీ తగిలింది. అతని ఒళ్లు తలుపుతో పాటు అదిరింది. సన్యాసమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది కానీ, అది ఒరిగిపోకుండా రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చి మంట తిప్పలేకపోతోంది. అప్పుడు మా అత్త కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఏడాదిలో మొదటిసారి. మంట పూర్తిగా పెంచింది. పెంచి, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని నిలబడింది. నురుగు లేస్తుంటే ఆవిడ ఏడుస్తోంది.

నేను అతన్ని కొట్టలేదు. క్షమించి కాదు. తలుపు ఆగాలంటే ఇంకో వీపు కావాలి, అంతే. రోకలి పడేసి వెళ్లి అతని పక్కనే తలుపుకి వీపు ఆనించాను. అతని చొక్కాకి రాతిపొడి వాసన. మూడు దెబ్బలు ఇద్దరం కలిసి కాచుకున్నాం.

పాలు పొంగిపోయాయి. గట్టంతా కారాయి. అత్త చేతులు వెనకే ఉన్నాయి.

"శుభం. మీ ఇంటికి స్వాగతం. ఇంట్లో ప్రాణాలు, ఐదు."

దుంగ ఆగింది. ఈసారి నేను సంతోషించకుండా ఒక్కొక్కర్నీ ముట్టుకుని లెక్కపెట్టాను. అయిదుగురూ ఉన్నారు.

పరమాన్నం వండి బయట మెట్ల మీది వాళ్లకి మొదట పెట్టాం. ఆ పడుచు తన వంతు తింటూ నన్ను అడిగింది, వాణ్ని ఎలా లోపలికి రానిచ్చారని. ఈసారి నీళ్లడగడానికి వెళ్లే ఇంట్లోవాళ్లనే అడిగి చూడమన్నాను, లోపల చోటుందేమో. ఆమె నమ్మలేదు. త్రినాథ్‌కి ఈ సంగతి తెలిస్తే గుండె ఆగి చస్తాడు.

లోపల హంసకి, అత్తకి, సన్యాసమ్మకి పెట్టి నేను తిన్నాను. అప్పలకొండకి అందరికంటే చివర్న పెట్టాను. అడుగున మాడిన ముద్ద. తల వంచుకుని తిన్నాడు.

"ఇప్పుడు మన బడ్జెట్ ఎంతమ్మా?" అంది హంస. మూడున్నర అన్నాను. అత్త ఒప్పుకోలేదు, తను అర కాదట, నాలుగట. సరే అన్నాను.

రేపు తలుపు బాగుచెయ్యమని అప్పలకొండకి చెప్పాను. విరిగిన చెక్కలన్నీ మార్చమన్నాను. చిల్లు పడిన ఆ పలక మాత్రం ముట్టుకోవద్దన్నాను.